పైబస్ సుత్తికి కావలసిన బలం

నెవిల్ పైబస్ దగ్గర ఒక సుత్తి ఉందనీ, ఇన్నేళ్లలో దాన్ని ఎవరినీ ఎత్తనివ్వలేదనీ స్ట్రాన్ రేవంతా చెప్పుకునేవారు. కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ ఆ మాట విని, మారణాయుధమేమోనని సోదాకి కూడా వెళ్లాడు. పైబస్ ఖాళీ బల్ల చూపించి, "ఇదిగో, ఇక్కడే ఉంది. ముందు మీ బలం ఎంతో చెప్పండి," అన్నాడట.

సుత్తి ఆ బల్ల మీదే ఉండేది, కానీ కథలో. శనివారం సాయంత్రాలు, గడ్డి మీద బంతులు దొర్లించి ఆడే బౌల్స్ క్లబ్బు వెనక గదిలో నలుగురైదుగురు చేరి పాచికలతో కథ ఆడేవారు. కథ చెప్పేది పైబస్. తక్కినవాళ్లకు అందులో తలా ఒక వీరుడు. ఆ వీరుడి బలం కాగితం మీద ఒక అంకె. బాకు ఎవరైనా పట్టుకోవచ్చు. గండ్రగొడ్డలికి మాత్రం పదమూడు కావాలి. పన్నెండు ఉన్నవాడు కాళ్ల మీద పడినా పైబస్ ఇచ్చేవాడు కాదు.

ఆట అయిపోయినా ఆయనను ఆ లెక్క వదిలేది కాదు. ఒక పెళ్లిలో వరుడు వధువును ఎత్తుకుని గడప దాటబోతుంటే, "ఆగవయ్యా! దానికి పద్నాలుగు కావాలి, నీది పన్నెండే," అని కేకేశాడు. వధువు మొహం మాడ్చుకుంది. గడప దాటకుండానే వరుడికి నడుం పట్టేసింది. అప్పటినుంచి పెళ్లిళ్లలో పైబస్‌ను చివరి వరసలో కూర్చోబెట్టేవారు.

బేకరీలో ఆల్చిప్పల మాంసం కూరిన స్కాలప్ పైలకు అంచులు నొక్కే తాలియా ఆ బల్ల దగ్గర కొత్తగా చేరింది. బడి మధ్యలో మానేసినప్పటినుంచి నలుగురిలో ఆమెకు గొంతు పెగిలేది కాదు. చూసేది, అంతే. తన వీరురాలు ఏం చేస్తుందో చెప్పమంటే కాగితం మీద వేలు పెట్టి చూపించేది. ఈ వారమూ నోరు తెరవలేకపోతే ఇక రాకూడదని పిండి కలుపుతూనే నిశ్చయించుకుని వచ్చింది.

ఆ సాయంత్రం రేవు మీదికి మంచు దిగింది. కిటికీ అవతల పడవలు లేవు, నీళ్లు లేవు, అంతా తెల్లదనం. పైబస్ కథలోనూ మంచే. ఏ మంచు ఎక్కడ మొదలైందో తాలియాకు తెలియకుండా పోయింది.

"ఊరి జనమంతా ఉన్న పడవ దారి తప్పింది." పైబస్ గొంతు ఎక్కడో నీళ్ల మీంచి వస్తున్నట్టుంది. "ముందంతా రాళ్లు. మీరు నిలబడ్డ కొండ మీద పెద్ద గంట ఉంది. మోగిస్తే ఆ చప్పుడు పట్టుకుని ఇంటికొస్తారు. గంట పక్కనే సుత్తి."

చేపల పడవ నడిపే గావన్ చొక్కా చేతులు మడిచాడు. "జరగండి. నా బలం పదిహేడు."

"పద్దెనిమిది కావాలి," అన్నాడు పైబస్.

"పెద్దాయనా! పోయినేడు నాది పదిహేనుంటే పదహారు కావాలన్నావు!"

"సుత్తి కదరా. పెరుగుతుంది."

"పెరగడానికి అదేమన్నా దూడా?"

"ఇద్దరు కలిసి ఎత్తొచ్చు. కానీ ఇద్దరూ ఒక్కసారే 'ఎత్తు' అని అరవాలి. లేకపోతే కాళ్ల మీద పడుతుంది. గంటకి దగ్గర్లో ఉన్నదెవరు?"

అందరూ తాలియా వైపు తిరిగారు. ఆమె తన కాగితం మీది ఆరు అంకెను వేలితో చూపించింది.

"ఆరు బోలెడు తల్లీ," అన్నాడు పైబస్. "కానియ్."

గావన్ అరుపుకి కప్పులు గలగలమన్నాయి. తాలియావి పెదవులు మాత్రమే కదిలాయి.

"నాకు ఒక్క గొంతే వినబడింది," అన్నాడు పైబస్ విచారంగా. "సుత్తి గావన్ కాలి మీద పడింది."

"చచ్చాన్రోయ్!" గావన్ నిజంగానే ఒంటికాలి మీద గదంతా గెంతాడు. "అమ్మాయ్, నీకు దణ్ణం పెడతా, రెండో కాలన్నా మిగల్చు! పొద్దున్నే సముద్రం మీదికి పోవాలి!"

తాలియా పకపకా నవ్వేసింది. ఆ నవ్వు ఇంకా గొంతులో ఉండగానే గావన్‌తో కలిసి "ఎత్తు!" అని అరిచింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు.

పైబస్ కళ్లు మూసుకున్నాడు. "గంట మోగింది," అన్నాడు. మంచులో, ఎంతో దూరాన, ఒక పడవ మెల్లగా ముక్కు తిప్పుకోవడం అందరికీ కనబడింది.

"నీ వీరురాలి పేరేంటమ్మాయ్?" అన్నాడు గావన్.

"బ్రయొనీ," అంది తాలియా. "గొర్రెలంటే భయం." ఎందుకు భయమో చెప్పడం పూర్తయ్యేసరికి అందరి టీలూ చల్లారిపోయాయి.

బయటికొచ్చాక కూడా గావన్ గొణుగుతూనే ఉన్నాడు. "దొంగ సుత్తి! నేను రెండు పెరిగితే అదీ రెండు పెరుగుతుంది. పోయినేడు మా బావమరిది పడవ మునిగి, వాడు ఎవరితోనూ మాట్లాడకుండా తిరుగుతుంటే, వాణ్ణి పక్కన పెట్టుకుని ఎత్తాల్సొచ్చింది. అంతకుముందు పోస్టాఫీసు మార్గోని, ఆమె మొగుడు పోయిన కొత్తల్లో. ఎప్పుడూ ఎవరో ఒకర్ని నాకు తగిలిస్తాడు. ఆయన లెక్కేంటో నాకు బుర్రకెక్కదు!"

తాలియాకు ఎక్కింది. ఆమె వెనక్కి తిరిగింది. లోపల్నుంచి పైబస్ కేక వినబడింది: "ఈ బల్ల జరపడానికి తొమ్మిది కావాలి, నాది ఎనిమిదే! ఎవరన్నా రండర్రా!"

"వస్తున్నా!" అని గట్టిగా అరిచి ఆమె లోపలికి పరుగెత్తింది.

ఆయన సుత్తిని ఎవరినీ ఎత్తనివ్వడనే మాట రేవులో ఇప్పటికీ తిరుగుతోంది. నిజానికి ఆ సుత్తి లేవని ఏడాది లేదు. దాన్ని ఒంటరిగా ఎత్తినవాళ్లే లేరు.