గూట్లో చేతికర్ర

మా దొర ఎన్నికలన్నీ సొంత డబ్బుతోనే గెలిచాడని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కోటలాంటి గడి అమ్ముకున్నాడట, భార్య నగలు కుదువ పెట్టాడట, ఒకరి దగ్గర చెయ్యి చాచలేదట. చెప్పేవాళ్లలో మా వాడవాళ్లు కూడా ఉన్నారు. అందుకే నాకు ఒళ్లు మంట. పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. బతికున్నప్పుడు మాట్లాడనిచ్చారా? అందుకని ఇప్పుడే మాట్లాడతాను.

మాది కరీంనగర్ జిల్లాలో మానేరు పక్కన ఊరు. మా వాడంతా నేతపనివాళ్లం. బాపు మగ్గం నేసేవాడు, అవ్వ, అంటే మా అమ్మ, కండెలకు నూలు చుట్టేది, పెళ్లీడుకొచ్చిన నేను పడుగు పోగులు పేర్చి ఆసు పోసేదాన్ని. మా కులదేవుని గుడి వాడ చివర ఉండేది. ఆ గుడిలో ఒక పెద్ద వెదురు గంప, దాని పక్కన గోడలో వెడల్పాటి గూడు. ఏ ఇంటికి నూలు వచ్చినా ముందు ఒక చిలప, ఒక నూలు చుట్ట, తీసి గంపలో వేసి, తర్వాతే మగ్గం దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు. గంప నిండితే గుడి వెనక గదిలో, మా మాటల్లో అర్రలో, పోసేవాళ్లు. రోగమొచ్చో చావొచ్చో ఎవరి మగ్గమైనా ఖాళీ పడితే, ఆ అర్రలోంచి పడుగుకు చాలినంత నూలు తీసుకోవచ్చు. బట్ట అమ్ముడుపోయాక తిరిగి వేయాలి.

రాత లేదు, సాక్షి లేడు. ఒక్కటే కట్టుబాటు. నూలు తీసుకున్నవాడు తన తాతల నాటి నాడెను, పేక పోగును అటూ ఇటూ నడిపే ఆ చెక్కను, తెచ్చి గూట్లో పెట్టాలి. నూలు తిరిగి వేసేదాకా పక్కింటివాళ్ల నాడె అడుక్కుని నేసుకోవాలి. తాత చేతిలో అరిగిన నాడె గూట్లో ఉంటే మనిషికి అన్నం సయించదు. వాడలో నలుగురూ రోజూ చూస్తారు కూడా. అందుకే నాకు ఊహ తెలిశాక గూట్లో ఏ నాడె కూడా ఎక్కువ రోజులు ఉండిపోలేదు. ఆ అర్ర తాళం మా బాపు దగ్గర ఉండేది. వాడంతా ఆయన్ని గంపపెద్ద అనేవాళ్లు.

ఇక దొర సంగతి. నిజాం కాలంలో చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయన తాతల పెత్తనం కింద ఉండేవి. పోరాటం రోజుల్లో గడికి తాళం వేసి పట్నం పారిపోయాడు. పోలీసు చర్య తర్వాత తెల్లటోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. మొదటి ఎన్నికల్లో జనం ఆయన్ని చిత్తుగా ఓడించారు. దానికి నేనిప్పటికీ గర్వపడతాను. రెండో ఎన్నికలకు మాత్రం మనిషి రాటుతేలాడు. ఎప్పుడూ 'ఏంరా' అని పిలిచే నోటితో 'తమ్మీ' అనడం నేర్చుకున్నాడు.

ఆయన ఏ మీటింగులో చెప్పినా ఒకటే పాట. కౌలుదారుకు హక్కు ఇవ్వడం పట్టపగటి దొంగతనం. ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఇస్తే ఇల్లు రెండు ముక్కలవుతుంది. భూమికి పరిమితి పెడితే ధర్మం మునుగుతుంది. అన్నిటికీ చివర 'పెద్దలు పెట్టిన కట్టుబాటు' అని ఒక మాట అతికించేవాడు. మా బాపుకు సెంటు భూమి లేదు. కౌలు చట్టం ఉన్నా పోయినా ఆయనకు ఒరిగేదేమీ లేదు. కానీ కట్టుబాటు అన్న మాట దగ్గర పడిపోయాడు. "గా మాట అన్నోడు తప్పుడు పని చెయ్యడే" అనేవాడు అవ్వతో. అవ్వ కండె చుట్టుకుంటూ కూర్చునేది. అదీగాక, గెలిస్తే మా ఊరికి సర్కారు నూలు డిపో తెస్తానని దొర మాటిచ్చాడు.

ఎన్నికలు దగ్గర పడ్డాక ఒక సాయంత్రం దొర గుడికి వచ్చాడు. అరుగు మీద పెద్దమనుషుల మధ్య కూర్చున్నాడు. గడిలో కాలు మడిచి ఎదురుగా కూర్చోవడానికి వీల్లేని వాళ్లను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మేము ఆడవాళ్లం గుడి ముందు నిలబడి విన్నాం.

"జీపులకు పెట్రోలు గావాలె, తిరిగేటోళ్లకు బువ్వ పెట్టాలె" అన్నాడు. "భూములు అమ్ముదమంటే గీ చట్టాల భయానికి కొనేటోడు లేడు. మీ దేవుని నూలైతే షోలాపూర్ల చిటికెల అమ్ముడువోతది. గెలిచినంక నాలుగు నెల్లల్ల అర్ర నింపి పోత, తమ్మీ."

చేతినిండా భూములు పెట్టుకుని, దిక్కులేని మగ్గాల కోసం దాచిన నూలు అడగడానికి ఆయనకు నోరెలా వచ్చిందో నాకు ఈనాటికీ అర్థం కాదు. మావాళ్లు మాత్రం దొర మనదాకా వచ్చి అడిగాడని ఉబ్బిపోయారు. బాపు ఒక్కడే లేచి చేతులు కట్టుకున్నాడు.

"దొరా, నూలు తీసుకుంటే గూట్ల ఏదన్న పెట్టాలె. తాతల నాటిది. అది మా కట్టుబాటు."

దొర ఒక్క క్షణం చూసి నవ్వాడు. చేతిలో ఉన్న కర్ర ఎత్తి చూపించాడు. నల్లటి కర్ర, వెండి పిడి. "గిది మా తాత చేతిది. మా బాపు చేతిది. గిది లేంది నేను గడప దాటను. పెడుతున్న" అని తనే లేచి వెళ్లి గూట్లో పెట్టాడు.

బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దమనుషులందరి ముఖాలూ వెలిగిపోయాయి. తాత చేతి నాడె, తాత చేతి కర్ర ఒకటే అనుకున్నారు. ఇంకెవరైనా అయితే ఆ కర్ర సంతలో ఎంత చేస్తుందని అడిగేవాళ్లు. మావాళ్లకు ఆ ఆలోచనే రాలేదు. తాత వస్తువు గూట్లో ఉంటే ఎవరికైనా అన్నం సయించదని వాళ్ల నమ్మకం. ఆ రాత్రే ఎడ్లబండి వచ్చి అర్ర ఊడ్చుకుపోయింది.

మాది ఒక్కటే కాదు. ఆసిఫాబాద్ వైపు టేకు కంట్రాక్టర్లు ఆయనకు జీపులిచ్చారు. గెలిచాక వాళ్లకు అడవి నరికే కూపులు దక్కాయి, పెట్టిన పెట్టుబడి వడ్డీతో వచ్చింది. పల్లెల నుంచి వడ్లు వచ్చాయి. ఇవ్వనివాడి పొలానికి నీళ్లు రాలేదు. ఇదీ ఆయన సొంత డబ్బు. దొర గెలిచాడు. నూలు డిపో కూడా వచ్చింది, మాట తప్పలేదు. కాకపోతే అది ఆయన బామ్మర్ది చేతికి వచ్చింది. సర్కారు ధరకు నూలు లేదని పొద్దున చెప్పి, అదే నూలు సాయంత్రం పెరటి తలుపు నుంచి ఎక్కువ ధరకు అమ్మేవాళ్లు.

నాలుగు నెలలు గడిచాయి, ఏడాదీ గడిచింది. అర్ర ఖాళీగానే ఉంది. ఆ ధరకు ఒక చిలప తీసి గంపలో వేసే తాహతు కూడా చాలా ఇళ్లకు లేకుండా పోయింది. వానాకాలంలో మా ఎదురింటాయన జ్వరంతో పోయాడు. ఆయన భార్య దినాలు కాగానే మామగారి నాడె కొంగులో చుట్టుకుని మా గడపలోకి వచ్చింది. "అన్నా, పెద్దోడు నేస్తనంటుండు. పడుగుకు నూలియ్యి" అంది. బాపు తాళం చెవి చేతిలో పట్టుకుని లేవకుండా కూర్చున్నాడు. లేచి ఏ అర్ర తీస్తాడు?

మర్నాడు గూట్లోని కర్ర తీసుకుని గడికి వెళ్లాడు. పొద్దు వాలాక తిరిగొచ్చాడు. కర్ర చేతిలోనే ఉంది.

"ఏమన్నడు?" అంది అవ్వ.

"నన్ను జూసి గుర్తువట్టలే. కర్ర జూపిచ్చిన. నవ్విండు. 'మీ దగ్గర్నే ఉండనియ్యి, యాదికుంటది' అన్నడు. ఆయన చేతిల ఇంకోటి ఉన్నదే. గిసొంటిదే, గిదే వెండి పిడి. మూలకు ఇంకా నాలుగున్నయి."

"మరి నూలు?"

"దేవుని నూలు ధర్మానికే వోయింది, గెలిచినం గద అన్నడు."

కట్టుబాట్ల కోసం అసెంబ్లీలో గొంతు చించుకునే మనిషి అన్న మాట అది. మా కట్టుబాటు ఆయనకు ఆటబొమ్మ. ఆడపిల్లకు వాటా వద్దన్నదీ, కౌలుదారుకు హక్కు వద్దన్నదీ కట్టుబాటు. తీసుకున్నది తిరిగివ్వమంటే మాత్రం ధర్మం. ఆ మనిషి మీద నాకు కోపం తగ్గదు, తగ్గాలని కూడా నేను కోరుకోను.

బాపు ఆ కర్రను మళ్లీ గూట్లో పెట్టాడు. ఇంటికి వచ్చి మగ్గం గుంతలోంచి తన తాత నాడె తీసుకెళ్లి ఆ కర్ర పక్కన పెట్టాడు. అంటే దొర బాకీ తన బాకీ అయింది. అలా చెయ్యమని వాడలో ఎవరూ అడగలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. ఆ సంగతి కూడా నేను మరిచిపోలేదు.

"షోలాపూర్ వోత. మిల్లుల పని దొరుకుతదట" అన్నాడు.

"కాగజ్‌నగర్‌ల మా తమ్ముడున్నడు. ఆడికి వో. దగ్గర" అంది అవ్వ.

"ఆడ కాయిదం జేస్తరు. నాకు గావాల్సింది నూలు."

వెళ్లిపోయాడు. అక్కడి నుంచి మావైపు వచ్చే ప్రతి మనిషి చేతా చిలపల మూట పంపేవాడు. మూట రాగానే అవ్వ మా ఇంటికి ఒక్క పోగు కూడా ఉంచుకోకుండా గుడికి మోసేది. మొట్టమొదటి మూట ఎదురింటామె మగ్గానికి వెళ్లింది. ఏడాదికోసారి ఊరికి వచ్చేవాడు, దగ్గుతూ. ముందు గుడికి వెళ్లి అర్ర తలుపు తీసి చూసుకునేవాడు, తర్వాతే ఇంటికి వచ్చేవాడు. నాకు కోపం వచ్చేది. ఎవడో ఎక్కిన జీపుకు మేమెందుకు తరుగుతున్నామని ఒకసారి అరిచాను. "తాళం చెవి నా దగ్గరుండె గద బిడ్డా" అన్నాడు.

మూడో ఎన్నికలకు ముందు చలికాలంలో, షోలాపూర్ నుంచి మా వాడ మనిషి ఒకడు బాపు మూట తెచ్చాడు. బాపు లేడు. అక్కడే జ్వరంతో పోయాడు, అక్కడే కాల్చారు. మూటలో చిలపలతో పాటు ఆయన ధోవతి ఉంది. అవ్వ మూట ముందు పడి ఏడ్చింది. దినాలు కాగానే చిలపలను గుడికి మోసింది. ఆ నూలుతో అర్ర గడప దాకా నిండింది.

కొద్ది రోజులకు దొర ప్రచారానికి వచ్చాడు. ఈసారి పార్టీ మారాడు. భూపరిమితి చట్టం తెచ్చిన పాత పార్టీ ధర్మం తప్పిందట. పొద్దున్నే వచ్చాడు. ఆ వేళకు మా వీధిలో మా మగ్గం పడుగు సాగదీసి ఉంది. నూలుకు గంజి పట్టించే పని ఎండ ఎక్కకముందే అయిపోవాలి. మధ్యలో ఆపితే పోగులు అంటుకుపోయి పడుగంతా పాడవుతుంది. అవ్వ ఒక పక్క, నేను ఒక పక్క కుంచెలు పట్టుకుని ఉన్నాం. జీపు వచ్చి పడుగు దగ్గర ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. వాడలో సగం మంది పడుగు ఎత్తడానికి పరుగెత్తారు.

"ముట్టకున్రి" అంది అవ్వ.

ఎవరూ ముట్టలేదు. దొర దిగి పడుగు అవతల నిలబడ్డాడు. నవ్వుతూనే ఉన్నాడు. మైకు పట్టుకుని, తన ఎన్నికలకు ఎవరి దగ్గరా పైసా ముట్టలేదని అక్కడే మొదలుపెట్టాడు. అవ్వ కుంచె నా చేతికిచ్చి గుడివైపు నడిచింది. నేను ఆమె పక్కా నా పక్కా రెండూ చూసుకుంటూ గంజి పట్టిస్తున్నాను. ఆమె ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో నాడెతో తిరిగొచ్చింది. పడుగు మీదుగా కర్ర చాచింది.

"దొరా, నీ కర్ర తీస్కో. బాకీ తీరింది. అర్ర నిండింది."

ఆయన మైకు దించాడు. వెండి పిడి చూశాక ఏదో గుర్తొచ్చినట్టుంది. "గంపపెద్ద ఉండె గద, మంచోడు. ఏడి, కనవడ్తలేడు?" అన్నాడు.

"నీ కుర్సీ కింద జూడు దొరా" అంది అవ్వ.

దొర కర్ర తీసుకుని వెనక ఉన్న మనిషికి ఇచ్చాడు. జీపు వెనక్కి వెళ్లి పక్క వాడ మీదుగా తిరిగింది. ఆ ఎన్నికల్లో కూడా ఆయనే గెలిచాడు. మా వాడలోంచి కూడా ఓట్లు పడ్డాయని తర్వాత తెలిసింది.

జీపు వెళ్లాక అవ్వ నాడెను కొంగుతో తుడిచింది. మా వాడలో ఆడవాళ్లు మగ్గం గుంతలోకి దిగి నేసేవాళ్లు కాదు. పెద్దలు పెట్టిన కట్టుబాటు అది కూడా. పడుగు ఆరాక అవ్వ ఆ నాడెను నా చేతిలో పెట్టి, "దిగు" అంది.