బర్డ్ వాక్ కోసం శుభ్రం చేసిన చెరువు

2023 నవంబరు నెలాఖరు. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. చలి మొదలవగానే ఏటా పిల్లలను మాకవరపాలెం వైపున్న ఒక చెరువుకు బర్డ్ వాక్‌కి తీసుకెళ్లడం నా ఉద్యోగంలో భాగం. బర్డ్ వాక్ అంటే పొద్దున్నే గట్టు మీద చప్పుడు చెయ్యకుండా నడుస్తూ, కనిపించిన ప్రతి పక్షికీ చెక్‌లిస్టులో, అంటే పేర్ల పట్టికలో, టిక్కు పెట్టుకోవడం. పన్నెండేళ్లలో ఒక్కసారీ విసుగు రాలేదు. ఆ ఏడాది మాత్రం ఒళ్లు మండిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

వారం ముందు చెరువు చూసి రావడానికి వెళ్లాను. అక్కడ చేపలు పట్టే నూకరాజు గారు నన్ను తూర్పు మూలకు తీసుకెళ్లి, నీళ్ల మీద తేలుతున్న నాచు ముద్దను చూపించారు.

"బుడుబుంగ గూడమ్మా. నాలుగు గుడ్లెట్టింది. అందుకే ఈ మూల వలెయ్యడం ఒగ్గీసినాను."

కొరమీను బాగా దొరికేది ఆ మూలలోనే. అయినా రెండు వారాలుగా ఆయన అటు పోలేదు. బుడుబుంగ చిన్న నీటిపక్షి. అలికిడి వింటే గుడ్ల మీద తడి నాచు కప్పేసి మునిగిపోతుంది. తెలియనివాళ్లకు ఆ గూడు కుళ్లిన చెత్తలాగే కనిపిస్తుంది. ఈ సంగతి క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను గానీ కళ్లారా చూడటం అదే మొదలు.

"మీ పిల్లలొచ్చీసరికి బుల్లి పిట్టలు అమ్మ ఈపెక్కి తిరుగుతాయి, సూడండి" అన్నారాయన.

ఆ సారి మా బర్డ్ వాక్‌కి ఒక ముఖ్య అతిథిని పిలిచారు. రెండు రోజుల ముందు ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, "చెరువు దగ్గర కాస్త క్లీన్ చేయిస్తున్నాం మేడమ్, ఓకేనా?" అన్నారు. కార్తీక వనభోజనాలవాళ్లు వదిలేసిన విస్తళ్లు, గ్లాసులతో గట్టంతా నిండి ఉంది. అదే ఏరిస్తారనుకుని, పేపర్లు దిద్దుకుంటూ "ఓకే సార్" అనేశాను. గూడు సంగతి చెప్పాలని తోచనే లేదు.

ఆదివారం పొద్దున పిల్లలతో వెళ్లేసరికి జేసీబీ పెట్టి అంచు పొడుగునా తుంగ, తామరాకు, నాచు అంతా లాగేసి గట్టు మీద పోశారు. గట్టుకు సున్నం గీతలు, ఒక షామియానా, మైకు. ఫ్లెక్సీ మీద మన దేశంలోనే లేని రంగురంగుల చిలక. నీళ్ల మీద ఒక్క పిట్ట లేదు.

"నీట్‌గా ఉంది కదా మేడమ్! గెస్ట్ గారికి నిరుటి లిస్టు చదివేయండి, చాలు" అన్నారు ప్రిన్సిపాల్.

"పక్షుల్ని చూడ్డానికొస్తూ పక్షుల ఇల్లు పీకిస్తారా సార్?"

"మీరే కదా ఓకే అన్నారు!"

ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, నా మీద అంతకు రెట్టింపు వచ్చింది. ఆయన చదివింది కామర్స్. జువాలజీ చదివింది నేను.

అతిథి గారు మెడలో కొత్త బైనాక్యులర్స్‌తో దిగారు. ఖాళీ నీళ్లకేసి అటూ ఇటూ చూశారు. అప్పటిదాకా నాచు కుప్పలు వెతుకుతున్న నూకరాజు గారు తువ్వాలు రెండు చేతుల్లో పట్టుకుని వచ్చి ఆయన ముందు విప్పారు. నాచు, పగిలిన గుడ్లు. ఒక దాంట్లో పిల్ల రూపం కట్టి ఉంది.

"ఇదేమిటండీ?" అన్నారు అతిథి.

"తవరొత్తన్నారని సుబ్రం సేసినారు బాబూ. ఇదే ఆ సెత్త."

"ఎవరు చెయ్యమన్నారు?"

"నేను ఓకే అన్నానండీ" అన్నాను మైకు పక్కనే నిలబడి, పిల్లలందరి ముందూ. నిరుటి లిస్టు చదవలేదు. ఆ రోజు చెక్‌లిస్టులో ఒక్క టిక్కూ పెట్టలేదు. కింద మాత్రం 'బుడుబుంగ గూడు ఒకటి, మేమే తీసేశాం' అని రాసి సంతకం పెట్టి ప్రిన్సిపాల్ చేతికిచ్చాను.

ఇప్పుడు ఎవరు ఏం చేయిస్తామన్నా ముందు చెరువు దగ్గరకెళ్లి నూకరాజు గారిని అడుగుతాను. ఫోన్‌లో సరే అనడం మానేశాను. ఆ మూల నాచు మళ్లీ పడుతోంది, ఆయన ఇంకా అక్కడ వల వెయ్యడం లేదు. గూడు లేదు కదా, ఎందుకని అడిగాను.

"మీరు పీకీసినారని నానూ పీకీమంటారేటమ్మా?" అన్నారు.