నా హస్తవాసి

ఈ పొద్దున మిర్యాలగూడ నుంచి అక్క కూతురు ఫోన్ చేసింది. డాక్టరు చదువు ముగించి, బ్యాంకు అప్పుతో అక్కడ క్లినిక్ పెట్టి ఆరు నెలలైంది. "మామా, జరమొచ్చినోళ్లకు గోళీలు చాలంటే ఇంటలేరు. సూది ఎయ్యకుంటే లేచి ఇంకో దవాఖానకు పోతున్నరు. కిస్తీ తారీఖు దగ్గరికొచ్చింది, నిద్ర పడ్తలేదు. నీకు మొదట్ల ప్రాక్టీసు ఎట్ల పెరిగింది?" అని అడిగింది. దానికి మా ఇంట్లో అందరికీ తెలిసిన జవాబు ఒకటుంది, నా హస్తవాసి. కోదాడలో మా అత్తగారైతే పెళ్లిపందిట్లో కూడా "మా అల్లుడిగారి చెయ్యి పడితే చాలండీ" అని మొదలుపెడుతుంది. నాకు మాత్రం ఆ మాట దానికి చెప్పబుద్ధి కాలేదు.

సూర్యాపేటలో బస్టాండు వెనక కిరాయి గదికి బోర్డు పెట్టిన కొత్తలో నా గతీ అదే. అన్నేళ్ల చదువుకు మిగిలింది ఒక బల్ల, రెండు కుర్చీలు, బ్యాంకు నుంచి వచ్చే ఉత్తరాలు. చివ్వెంల నుంచి వచ్చిన ఒక ముసలమ్మను అరగంట పరీక్షించి, సూది అక్కర్లేదన్నాను. "సూదే ఎయ్యకపోతివి, ఇగ ఫీజు ఎందుకు బిడ్డా?" అంటూ ఇచ్చిన నోటు వెనక్కి తీసుకుంది. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది కానీ, ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మర్నాడే గొర్రెలు కాసే ఒకాయన ఒళ్లునొప్పులని భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. గోళీతో పోయే నొప్పే. ఆ సంగతి నాకు తెలుసు. అయినా కిస్తీ గుర్తొచ్చి సూది వేశాను. ఆ మందు ఆయన ఒంటికి పడలేదు. బల్ల మీంచి లేవకముందే చెమటలు పట్టాయి, నాడి అందలేదు. విరుగుడు మందు ఎక్కించాను. ఈ మనిషి పోతే గడపలో నిలబడ్డ ఆమెకు ఏం చెప్పాలో తోచలేదు. పది నిమిషాలకు కళ్లు తెరిచాడు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, "పోయిన పానం తెచ్చినవ్ సారూ, నీ చెయ్యి సల్లగుండ" అంది. ఊళ్లోనూ అదే చెప్పింది. వారం తిరక్కుండా నా గది ముందు చెప్పులు విడవడానికి చోటు లేకపోయింది. నిజాన్ని మొదట భయంతో, తర్వాత సిగ్గుతో దాచాను.

ఈ పొద్దున మేనకోడలికి అంతా చెప్పేశాను. "ఆయనకు చెప్పినవా మామా?" అని మాత్రం అడిగింది.

"లేదు బిడ్డా. నువ్వు అవసరమైతెనే సూది ఎయ్యి. ఈ కిస్తీ నేను కడత" అన్నాను.

ఆయన ఇప్పటికీ సూర్యాపేట వచ్చినప్పుడల్లా నా చెయ్యి కళ్లకద్దుకుని వెళ్తాడు. బ్యాంకు అప్పు ఎప్పుడో తీరింది. ఆ పది నిమిషాలు మాత్రం నాకింకా గడవలేదు.