మిషన్ ముందు కూర్చునే తీరు

కొడకండ్లలో మేం కొందరం ఆడవాళ్లం కలిసి కుట్టు సెంటరు నడుపుతున్నాం. బడులు తెరిచే ముందు పిల్లల యూనిఫాంల పని ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ ఎండాకాలం అలా పనిలో మునిగి ఉండగానే నా ఎడమ భుజం గుంజడం మొదలైంది. భుజం నుంచి మెడకు పాకింది. తర్వాత వేళ్లకు తిమ్మిరి వచ్చింది. బామ్ రాసుకుని, ఏదో ఒక బిళ్ల మింగి కుడుతూనే ఉన్నాను. అందరి ముందు భుజం పట్టుకుంటే పనిదొంగ అనుకుంటారేమోనని, నీళ్ల సాకుతో బయటికి వెళ్లి చెయ్యి విదిలించుకుని వచ్చేదాన్ని.

ఒక మధ్యాహ్నం చొక్కాకు కాలరు వేస్తుంటే ఎడమ చేతిలోంచి బట్ట జారిపోయింది. మళ్లీ పట్టుకుందామంటే వేళ్లు మాట వినలేదు. మా నాయిన గుండెపోటుతో పోయిన రోజు పొద్దున, ఎడమ చెయ్యి గుంజుతోందనే అన్నాడు. అది గుర్తొచ్చి భయంతో ఇంటికి ఫోన్ చేశాను.

మా ఆయన బండి మీద జనగామ దవాఖానకు తీసుకెళ్లాడు. ఈసీజీ తీశాక డాక్టరమ్మ కాగితం చూసి, "గుండె మంచిగున్నదమ్మా, పరేషాన్ గాకు" అంది. మా ఆయన అక్కడి బల్ల మీద కూలబడి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. కాస్త తేరుకున్నాక డాక్టరమ్మ నా మెడ, చెయ్యి వంచి, లేపి చూసింది. ఏం పని చేస్తావని అడిగింది. చెప్పగానే తల ఊపి, ఫిజియోథెరపీ గదికి పంపింది.

అక్కడున్న అమ్మాయి నాకు ఒక స్టూలు చూపించింది. "మిషన్ ముందట రోజు ఎట్ల కూసుంటవో గట్లనే కూసో అక్కా. సక్కగ కూసునుడు కాదు, రోజు కూసున్నట్టే."

కూర్చున్నాను. ఆ అమ్మాయి మా ఆయన ఫోనుతో పక్కనుంచి ఫొటో తీసి నాకు చూపించింది. మెడ ముందుకు సాగింది, భుజాలు చెవుల దాకా లేచాయి, వీపు విల్లులా వంగింది. అది నేనేనా అనిపించింది.

"నీ స్టూలు కిందికున్నది, మిషన్ మీదికున్నది. గందుకే భుజాలు ఎత్తుకొని కుడుతున్నవ్. మోచేతులు బల్ల ఎత్తుకు రావాలె, వీపుకు ఆనుకునుడు ఉండాలె. నడుమ నడుమ లేవాలె. బిళ్లతోని నొప్పి తగ్గుతది గని, కూసునే తీరు మారకుంటే మల్ల వస్తది" అంది. భుజాలకు, మెడకు చేసుకునే కసరత్తులు నేర్పింది. చేతిలో బలం ఇంకా తగ్గితే ఆలస్యం చేయకుండా రమ్మని గట్టిగా చెప్పింది.

మర్నాడు సెంటరులో భయపడుతూనే ఇదంతా చెప్పాను. మేమంతా పెద్దక్క అని పిలిచే ఆమె, మాలో పెద్దది, సెంటరు మొదలుపెట్టించిందీ ఆమే, కత్తెర ఆపి నా వైపు చూసింది.

"పని నెత్తి మీదున్నది. గిట్ల లేసుకుంట కూసుంటే ఎప్పుడైతది?"

గుండీలు కుట్టే ఆమె సూది పక్కన పెట్టి మెల్లగా అంది: "నాకు పండుకుంటే పక్కకు ఒరుగరాదు అక్కా. నడుము పట్టేస్తది."

"నాకు మెడ తిరుగుత లేదు" అంది ఇంకొకామె. ఒకరి తర్వాత ఒకరు బయటపడ్డారు. చివరికి పెద్దక్క కత్తెర కింద పెట్టి భుజం రుద్దుకుంది. "నాకు గూడ ఉన్నది. చెప్తే మీరందరు పని బంద్ పెడ్తరని చెప్పలే."

ఒక్క క్షణం అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాం. నీళ్లకని ఇన్నాళ్లూ బయటికి వెళ్లింది నేనొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాం. స్టూళ్లు తీసేసి వీపు ఉన్న కుర్చీలు తెచ్చుకున్నాం. ఎత్తు చాలనివాళ్లకు కింద మెత్త వేశాం. నేల మీద వంగి బట్ట కత్తిరించడం మానేసి, బల్ల కాళ్ల కింద ఇటుకలు పెట్టి నిలబడి కత్తిరించాం. లైటును మిషన్ల దగ్గరికి దించాం. ఒక్కో యూనిఫాంల కట్ట కుట్టడం కాగానే అందరం లేచి భుజాలు తిప్పాలని పెద్దక్కే ఖాయం చేసింది. ఎవరైనా లేవకపోతే మిషన్ స్విచ్ ఆపేసేది.

మొదట పని కొంచెం వెనకబడింది. చివరి కట్ట బడి తెరిచిన మర్నాడు అందించాం. ఆలస్యమైందని బడివాళ్లెవరూ ఏమీ అనలేదు.

నొప్పి మాత్రం ఒక్కసారిగా పోలేదు. వరి నాట్లు పూర్తయ్యే నాటికి తిమ్మిరి తగ్గింది, చేతికి మెల్లగా పట్టు వచ్చింది. ఒక పొద్దున వంటింట్లో పై అర మీంచి పప్పు డబ్బా దించుతుంటే మా ఆయన గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏ చెయ్యితోని తీసినవ్?"

చూసుకున్నాను. ఎడమ చెయ్యే. నాకే తెలియలేదు.

"అయితే అటక మీది గంగాళం గూడ దించు" అన్నాడు నవ్వుతూ.

"గంత ఆశ వద్దు. గది నువ్వే దించు" అన్నాను.