ఎవరిని గీసినా నాయినే

నవ్వనని మాటిస్తే చెబుతాను. సరే, నవ్వుకోండి, ఎలాగూ ఆగరు. పోరాటానికి సాయం చేయబోయి కన్నతండ్రిని ఠాణాలో కూర్చోబెట్టిన ఘనుణ్ణి నేను.

అప్పుడు సిద్దిపేటలో బీడీ కార్మికుల సమ్మె. పోలీసులు సభను లాఠీలతో చెదరగొట్టి, సంఘం ఆఫీసుకు తాళం వేసి, దొరికినవాళ్లను దొరికినట్టు పట్టుకుపోయారు. నాయకుడు నర్సన్న మాత్రం దొరకలేదు. ఆయన ఫోటో కూడా వాళ్ల దగ్గర లేదు. నాకు ఒళ్లు మండింది. ఇరవయ్యేళ్ల ఒళ్లు, ఊరికే మండుతుంది. పాత పేపర్ల మీద బొమ్మ వేశాను: బీడీల చాటను తొక్కబోతున్న పెద్ద బూటు, దాన్ని ఒంటిచేత్తో ఆపి నవ్వుతున్న నర్సన్న. ఎవరో తెలియకపోతే ఎలాగని కింద పేరు కూడా రాశాను. బస్టాండు నుంచి బజారు దాకా అతికించాను.

నా విద్య గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాయిన టైలరు. ఆయన మిషన్ ముందు కూర్చునే బొమ్మలు నేర్చుకున్నాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను ఎవరిని చేయబోయినా నాయినే అవుతాడు. అదే బట్టతల, అవే దళసరి అద్దాలు, ముక్కు మీద అదే పుట్టుమచ్చ.

మర్నాడు కొత్త ఎస్సై ప్యాంటు కొలతలివ్వడానికి మా దుకాణానికి వచ్చాడు. ఎదురుగోడ మీద బొమ్మను చూశాడు. నాయినను చూశాడు. మళ్లీ బొమ్మను చూశాడు.

"నర్సన్నా, టైలర్ వేషం మంచిగున్నది. నడువ్!"

"సారూ, నేను నర్సన్నను కాదు. మీ నడుము ముప్పై ఎనిమిది, గది రాసుకోనియ్యున్రి!"

"నన్నే కొలుస్తున్నవా? జీపెక్కు!"

మెడలో టేపుతోనే తీసుకుపోయారు.

ఈ సంగతి నాకు తెలిసింది. చెబితే నేను లోపల, చెప్పకపోతే నాయిన లోపల. "జెండా కుట్టుమంటే కుడ్త, మొయ్యిమంటే మొయ్య" అనే మనిషి ఆయన. నేరుగా ఠాణాకు పోయాను.

"సార్, గా బొమ్మ నేనే గీసిన. గాయన మా నాయిన. నాకు ఎవలను గీసినా నాయిన మొహమే వస్తది."

ఎస్సై కాగితం నా ముందుకు తోశాడు. "అట్లనా? అయితే నన్ను గియ్యి."

ప్రాణం పెట్టి గీశాను. టోపీ కుదిరింది, మీసం కుదిరింది. వాటి మధ్య నాయిన కూర్చున్నాడు. కానిస్టేబుల్ నవ్వాపుకోలేక బయటికి ఉరికాడు.

"నాకు మచ్చ యాడున్నదిరా?"

"లేదు సార్. చెయ్యి ఆగలే."

ఎస్సై తల పట్టుకున్నాడు. "తీస్కపో మీ నాయినను. నీ బొమ్మలతోని సర్కారుకేం కాదు, సంఘానికే నష్టం!"

నాయిన గడప దాటుతూ వెనక్కి తిరిగి, "సారూ, ప్యాంటు శుక్రారం ఇస్త" అన్నాడు.

దారిలో తంతాడనుకున్నాను. ఆయన చిన్నగా నవ్వాడు. "పోలీసులంత నా సుట్టు ఉంటే, నర్సన్న కోహెడ బస్సెక్కి పోయిండంట. పోనీ తియ్యి. గని నా గుండు గంత పెద్దగుంటదారా?"

నడిబజార్లో ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

ఇక జన్మలో మనిషి బొమ్మ గీయనని ఆ రోజే నాయిన కత్తెర మీద ఒట్టేశాను, నేటికీ తప్పలేదు. ఎడ్లను, బర్రెలను మాత్రమే గీస్తున్నాను. మొన్న ఒక బర్రె బొమ్మ పూర్తి చేస్తే మా ఆవిడ చూసి, గబగబా కొంగు తలమీదికి లాక్కుని పక్కకు తప్పుకుంది.

"ఏమైందే?" అన్నాను.

"మామ సూస్తుండు" అంది.