బీదర్ కోట మీద నా పేరు

ఆ రోజుల్లో మనిషి పేరు నలుగురికీ కనబడాలంటే ముందు గిన్నె మీద ఎక్కాలి. పెళ్లికైనా గృహప్రవేశానికైనా బేగంబజార్‌లో బిందె కొన్నవాళ్లు దాని మీద పేరు కొట్టించనిదే దుకాణం మెట్లు దిగేవారు కాదు. ఇప్పుడైతే మిషన్ గిర్రున రాసేస్తుంది. అప్పుడు ఆ మిషన్ నేనే. బాపు కళ్లు మసకబారాక ఆయన సుత్తి, చిన్న ఉలి నా చేతికొచ్చాయి. దుకాణం గుమాస్తా (వరసకు మామ, అందరికీ చిట్టీల మామ) కాగితం ముక్క మీద రాసిచ్చింది చూసుకుంటూ, ముగ్గు పెట్టినట్టు చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోయేదాన్ని. నాకు ఒక్క అక్షరం రాదు. కొన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు, నేను చెప్పనూ లేదు.

పందొమ్మిదేళ్ల వయసు. పొద్దంతా గోనెసంచి మీద కూర్చునే పని, కాళ్లకేమో ఒక్కచోట ఉండబుద్ధి కాదు. నేను పేరు కొట్టిన చెంబులు రైళ్లెక్కి ఎక్కడెక్కడికో పోయేవి. నా లోకం మాత్రం ఇటు పురానాపూల్‌తో, అటు పత్తర్‌గట్టితో అయిపోయేది. ఆ మంట మీద కిరోసిన్ పోసింది బీదర్ చాచా. నల్లటి కూజాల మీద వెండి తీగ పొదిగిన సామాను తెచ్చి మా సేటుకు అమ్మేవాడు. "మా కిలా చూసినవా బేటీ? గుట్ట మీద ఉంటది. ఎక్కడెక్కడోళ్లో వచ్చి గోడల మీద పేర్లు రాసి పోతరు. గిన్నెదేముంది, సొట్టపోతది. గోడ పోదు" అన్నాడు ఒకరోజు చాయ్ తాగుతూ. ఆయన చాయ్ తాగి వెళ్లిపోయాడు, నాకు మాత్రం నిద్ర పట్టడం మానేసింది. వేలమంది పేర్లు కొట్టిన చేయి, తన పేరు ఒక్కసారైనా కొట్టుకోలేదు. బీదర్ పోవాలి, నా పేరు ఆ కోట మీద కొట్టి రావాలి. అంతే.

శనివారం సాయంత్రం మామను బతిమాలి నా పేరు చిట్టీ మీద రాయించుకున్నాను. "దేనికే?" అన్నాడు. "ఉండనియ్యి మామా, నీకేంది ఫికర్" అన్నాను. అదే సమయానికి ఆ రోజు ఆఖరి బిందె చిట్టీ కూడా ఇచ్చి, ఆయన బయటికి వెళ్లాడు. ఒళ్లో రెండు చిట్టీలు. ఏది నాది? అడుగుదామంటే మామ లేడు. బిందె కొన్నాయన ఎదురుగా నిలబడి "జల్దీ కానియ్యి చెల్లె" అని తొందరపెడుతున్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి పొట్టిగా, ముడుచుకున్నట్టుంది. ఇంకోటి పొడుగ్గా, కొమ్ములతో, వంపులతో, పెళ్లి పందిరిలా ఉంది. పొట్టిది బిందె మీద కొట్టేశాను. అందమైనది నాదే అయ్యుంటుందని కొంగున ముడేసుకున్నాను. (ఆ వయసులో అద్దంలో చూసుకున్నప్పుడు కూడా నాకు ఇలాగే అనిపించేది.) ఆయన బిందెను కాగితంలో చుట్టించుకుని పరుగు తీశాడు.

ఆదివారం తెల్లవారగానే "దుకాణంల పని మస్తుంది" అని అమ్మకు చెప్పి, రెండు జొన్నరొట్టెలు, సుత్తి, ఉలి మూటగట్టుకుని గౌలిగూడలో బస్సెక్కాను. బోర్డు చదవలేను కాబట్టి కండక్టర్ గొంతే నాకు బోర్డు. బస్సు ఆగిన ప్రతిచోటా లేచి "బీదర్ వచ్చిందా అన్నా?" అని అడిగాను. నాలుగోసారికి ఆయన చేతులు జోడించాడు. "బీదర్ యాడికీ పోదు చెల్లె. గుట్ట మీద కట్టిన్రు దాన్ని. జర కూసో!"

కోట ఎలా ఉందని ఇప్పుడెవరైనా అడిగితే సిగ్గుగా ఉంటుంది. పెద్ద పెద్ద దర్వాజాలు, గాలి, కూలిన మహళ్లలో చిలకలు ఉన్నట్టే గుర్తు. నిలబడి చూస్తే కదా! ప్రతి గోడా 'ఇక్కడ కొట్టవచ్చా' అన్నట్టే కనిపించింది. చివరికి ఒక మూల పాత గచ్చు గోడ దొరికింది. అప్పటికే దాని మీద ఎంతమంది పేర్లో! నా చిట్టీ తెరిచి మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెట్టాను. జీవితంలో ఏ బిందె మీదా అంత శ్రద్ధగా కొట్టలేదు. ఆఖరి వంపు తిప్పుతుండగా వెనక నుంచి కర్ర చప్పుడు. కావలి తాత.

"ఏ ఛోకరీ! క్యా కర్‌రీ తూ?"

"పేరు కొడ్తున్న చాచా."

"కిస్‌కా నామ్?"

"నాదే!"

ఆయనకు తెలుగు చదవడం రాదు. కొట్టడానికెత్తిన కర్ర దించి, గోడను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. "ఇత్తా లంబా నామ్? బాద్షా కా భీ ఇత్తా నై థా!" (బాద్షాకు కూడా ఇంత పొడుగు పేరు లేదట.)

"మా బాపు పెట్టిండు" అన్నాను గర్వంగా. ఆయన నవ్వాపుకోలేక, మళ్లీ ఈ పక్కకొస్తే కాళ్లిరగ్గొడతానని దర్వాజా దాకా తరిమాడు. తిరుగు బస్సులో నేను ఒక్కసారి కూడా లేవలేదు. అలా కుదురుగా కూర్చోవడం నాకే వింతగా అనిపించింది.

సోమవారం పొద్దున దుకాణం ముందు లొల్లి. శనివారం బిందె కొన్నాయన దాన్ని చంకలో పెట్టుకుని సేటు మీద మండిపడుతున్నాడు. "మా మేనకోడలి పెండ్లికి కొన్న బిందె మీద ఎవతో ఆడామె పేరేంది? మా ఇంటామె సదువుకున్నది, సేటూ. 'ఎవరిది? చెప్పు!' అని నిన్నటి సంది నాకు చాయ్ గూడ పోస్తలేదు!" చిట్టీల మామ బిందె తిప్పి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నా కొంగుముడి నేనే విప్పి చిట్టీ చేతికిచ్చాను. మామ గట్టిగా చదివాడు: "చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మేనమామ ప్రేమతో ఇచ్చు కానుక."

"మరి దీన్నెందుకే కొంగున కట్టినవ్?" అన్నాడు మామ. అంతా చెప్పాల్సొచ్చింది. బీదర్, గోడ, బాద్షా, అన్నీ. చాయ్ దొరకని ఆయన కూడా మెట్ల మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. "నడువ్ చెల్లె, గదంత మా ఇంటామెకు నీ నోటితోనే చెప్పు" అని నన్ను ఇంటికి లాక్కెళ్లాడు. ఆమె నాకు చాయ్ ఇచ్చింది, ఆయనకూ ఇచ్చింది. మా అమ్మ మాత్రం చాయ్ ఇవ్వలేదు, వీపు మీద రెండిచ్చింది. పేరు పడ్డ బిందె ఎవరూ కొనరని సేటు దాన్ని నా ముందుకు తోశాడు. "తీస్కపో. ఇగ నీ సంతకం ఇదే."

ఆ బిందెతోనే నా కాపురమంతా నీళ్లు మోశాను. యాభై దాటాక బస్తీ బడిలో కూర్చున్నప్పుడు పంతులమ్మ బోర్డు మీద నా పేరు రాస్తే, అది నాకు కొత్తగా అనిపించలేదు. అదే పొట్టి పేరు, రోజూ నా నడుం మీదున్నదే.

బీదర్‌కు మళ్లీ వెళ్లలేదు. ఆ గచ్చు ఊడిపోకుంటే, తెలుగు చదివిన వాళ్లెవరైనా ఆ మూల నిలబడి, ఇంత పెద్ద కోటను మేనకోడలికి కానుకిచ్చిన మేనమామ ఎవడురా అని నోరెళ్లబెడుతుంటారు. వాళ్ల పక్కనే ఆ పిల్ల ఇంకా మోకాళ్ల మీద కూర్చుని, తన పేరు ఎంత అందంగా ఉందో అని మురిసిపోతూనే ఉంటుంది. ఇప్పుడు నాకు చదవడం వచ్చు కానీ, దాని చెవిలో ఆ మాట చెప్పడానికి మాత్రం మనసు రాదు.