ఎడమ ముందు టైరు

దయ్యాలు, గాలీ ధూళీ అని ఎవరైనా నా ముందు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇరవై ఏడేళ్ళుగా డ్రైవరు పని చేస్తున్నాను. శ్మశానం పక్కన బండి ఆపుకుని హాయిగా నిద్రపోయాను. ఆసుపత్రి నుంచి శవాన్ని సొంతూరికి చేర్చిన రోజులూ ఉన్నాయి. ఏదీ కనబడలేదు, ఏదీ వినబడలేదు. భయపడేవాళ్ళను వెక్కిరించేవాణ్ణి కూడా. అందుకే ఇది చెప్పాలంటే సిగ్గుగా ఉంది. అయినా ఇందులో నేను ఎక్కువ సిగ్గుపడాల్సిన సంగతి వేరే ఉంది. అది కూడా దాచకుండా చెబుతాను.

మాది అనంతపురం వైపు. యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చాక లాలాపేట్‌లో ఇల్లు తీసుకుని ఇక్కడే ఉండిపోయాం. నేను భూగర్భశాస్త్రం డిపార్ట్‌మెంటు డ్రైవర్ని. రాళ్ళ కోసం, మట్టి నమూనాల కోసం స్టూడెంట్లను, సార్లను ఊళ్ళు తిప్పడం నా పని.

మా షెడ్డులో నాకు మంచి పేరుండేది. చెక్క సుత్తితో టైరు మీద ఒక్క దెబ్బ వేసి, మోగిన తీరును బట్టి గాలి ఎన్ని పాయింట్లుందో చెప్పేసేవాణ్ణి. నేను నలభై రెండు అంటే గేజీ నలభై రెండో నలభై మూడో చూపించేది. స్టూడెంట్లు చుట్టూ చేరి టీ పందేలు కాసుకునేవాళ్ళు. ఫీల్డుకు బయల్దేరే ముందు మా హెడ్ మేడం "ఓబులేసు కొట్టి చూశాడా?" అని అడిగేవారు. నేను తలూపాకే బండెక్కేవారు. ఆ ఒక్క మాట కోసం నేను తెల్లవారుజామునే షెడ్డుకు వచ్చేవాణ్ణి.

తర్వాత మా డిపార్ట్‌మెంటుకు పెద్ద పికప్ వచ్చింది. వెనక డ్రిల్లింగ్ మిషను, ముందు ఐదుగురు కూర్చునే క్యాబిను. మామూలు పికప్పులు దాని పక్కన పిల్ల బండ్లలా ఉంటాయి. అది నాకే వస్తుందని నేనే కాదు, షెడ్డులో అందరూ అనుకున్నారు. మేడం దాన్ని యాదగిరికి ఇచ్చారు.

యాదగిరిది నల్గొండ వైపు వ్యవసాయ కుటుంబం. ముప్పై నాలుగేళ్ళవాడు. ఔట్‌సోర్సింగ్ మీద చేరి మూడేళ్ళయినా కాలేదు. నాకు రిటైర్మెంటు దగ్గర పడింది కాబట్టి కొత్త బండి మీద ట్రైనింగు ఎక్కువ కాలం ఉండేవాళ్ళకు ఇస్తే మేలని మేడం నన్ను గదిలోకి పిలిచి చెప్పారు. న్యాయమైన మాటే. చూడండి, అందుకే ఇంకా మండింది.

ఆ బండికి టైర్ల గాలి చూపించే ఏర్పాటు ఉంది. నాలుగు చక్రాల వాల్వులకు మామూలు మూతల బదులు బొత్తామంత సెన్సర్ క్యాపులు ఉంటాయి. ఒక్కోదానిలో చిన్న బిళ్ళ సెల్లు. ఏ టైరులో గాలి ఎంతుందో అవి డాష్‌బోర్డు మీది చిన్న స్క్రీనుకు పంపిస్తుంటాయి. గాలి తగ్గితే అది కీచుమని అరుస్తుంది. మొదటిరోజే యాదగిరి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. కూర్చున్న చోటే నాలుగు టైర్లూ కనబడతాయని మురిసిపోయాడు. ప్రేమగానే చూపించాడు పాపం. బాగుందప్పా అని చెప్పి, టీ తాగాలని వంక పెట్టి తార్నాక చౌరస్తా దాకా నడిచిపోయాను. అక్కడ రెండు టీలు తాగినా కడుపులో మంట తగ్గలేదు.

కుళ్ళు అనేది ఇలా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. స్టూడెంట్లు ఆ స్క్రీనుకు ఫోటోలు తీసుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. మేడం నోట రోజుకు యాదగిరి పేరు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టేవాణ్ణి. అతను ఊరి నుంచి ఉడకబెట్టిన పల్లీలు తెచ్చి అందరికీ పంచితే, నాకు గ్యాస్ ట్రబుల్ అని ముట్టుకునేవాణ్ణి కాదు. మిగతావాళ్ళు తింటుంటే అదీ చూడలేకపోయేవాణ్ణి. అతను నన్ను నోరారా అన్నా అని పిలిచేవాడు. ఒక్కసారైనా ఎదురు మాట్లాడి ఉంటే నాకు తిట్టడానికి ఒక సాకు దొరికేది. ఇంట్లో రోజూ నా గొణుగుడు విని విని మా ఆవిడ ఒకరోజు నేరుగా అడిగేసింది.

"ఆ యప్ప నీకేం చేసినాడని అట్లా ఉడుక్కుంటావు?"

ఏం చేశాడు? ఏమీ చేయలేదు. మేడం ఇప్పుడు "యాదగిరీ, స్క్రీన్‌లో అంతా ఓకేనా?" అని అడుగుతున్నారు, అంతే. నా చెక్క సుత్తి సీటు కింద పడి ఉంది. ఎవరైనా అడిగితే తప్ప ఆ బండి టైరును కొట్టేది లేదని నేనూ పంతం పట్టాను.

ఒక శనివారం సాయంత్రం అందరూ వెళ్ళాక షెడ్డులో నేనొక్కణ్ణే మిగిలాను. తాళం నా దగ్గరే ఉంటుంది. సోమవారం నల్గొండ దాటి ఫీల్డు ట్రిప్పు ఉంది. నేను ఆ పికప్ ఎడమ ముందు చక్రం దగ్గర కూర్చుని సెన్సర్ క్యాపు విప్పేశాను. విప్పి, ఆ వాల్వుకు నా దగ్గరున్న మామూలు నల్ల మూత బిగించాను. చేసేది దొంగపనే అయినా వాల్వును మూత లేకుండా వదలడానికి నా చెయ్యి ఒప్పుకోలేదు.

ఇంటికి వచ్చి క్యాపు తెరిచి, లోపలి బిళ్ళ సెల్లు తీసి మా ఇంటి ముందు మురుగు మోరీలో పడేశాను. ఖాళీ క్యాపును కాగితంలో చుట్టి నా గడ్డం గీసుకునే డబ్బాలో పెట్టాను. నా ఆలోచన ఏమంటే, సోమవారం పొద్దున ఆ స్క్రీను ఎడమ ముందు టైరు గడిలో గీతలు చూపించి అరుస్తుంది. యాదగిరి తెల్లమొహం వేస్తాడు. టైము మించిపోతుంటుంది. అప్పుడు మేడం నా వైపు తిరిగి, ఓబులేసూ నువ్వు కొట్టి చూడు అంటారు. అంతే నాకు కావాల్సింది. ఎవరికైనా ఏదైనా జరగాలని నేను కోరుకోలేదు. కానీ ఆ టైరు మీద కన్ను వేసి ఉంచే ఒక్క వస్తువునూ నేనే తీసేశానన్నది నిజం.

సోమవారం ఆరింటికల్లా ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని వచ్చాను. సుత్తి చేతికి అందేలా పెట్టుకున్నాను. అందరూ వచ్చారు. యాదగిరి బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కి తాళం తిప్పాడు. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. కీచుమనలేదు. మేడం అడిగారు. నాలుగూ మంచిగున్నాయని అతను చెప్పాడు.

నమ్మలేక ఏదో పని ఉన్నట్టు వెళ్ళి కిటికీలోంచి తొంగిచూశాను. ముందు టైర్లు యాభై, యాభై. వెనకవి అరవై ఐదు, అరవై ఐదు. ఎడమ ముందు టైరు గడిలో అంకె నిక్షేపంగా ఉంది.

పాత అంకె నిలిచిపోయి ఉంటుందిలే, కాసేపటికి పోతుంది అనుకున్నాను. పికప్‌లో యాదగిరి, మేడం, ముగ్గురు రీసెర్చి స్టూడెంట్లు. వెనకే నా పాత జీపులో నేనూ, ఇంకో ఆరుగురు పిల్లలూ. హబ్సిగూడ దాటాం, ఉప్పల్ దాటాం, అతను ఆగడే! అతని బ్రేకు లైట్ల మీదే నా కళ్ళు. ఊరు దాటి గంటన్నర అయినా బండి ఆగలేదు.

హైవే దిగి కాలువ గట్టు రోడ్డెక్కాక అతని ఇండికేటరు వెలిగింది. మెల్లగా పక్కకు తీసి ఆపాడు. భగవంతుడా, ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. సుత్తి పట్టుకుని దిగి, ఇక నా వంతు వచ్చిందన్నట్టు నడుచుకుంటూ వెళ్ళాను.

స్క్రీను అరుస్తోంది. ఎడమ ముందు టైరు నలభై ఒకటి. నేను చూస్తుండగానే నలభై అయింది. తర్వాత ముప్పై తొమ్మిది. యాభై నుంచి ఒక్కొక్కటే దిగుతుంటే చూసి వేగం తగ్గించానని యాదగిరి మేడంకు చెబుతున్నాడు. ఆ గడిలోకి అంకె పంపాల్సిన క్యాపు లాలాపేట్‌లో నా గడ్డం డబ్బాలో ఉంది. దాని సెల్లు మోరీలో ఉంది.

అలవాటు చొప్పున వంగి టైరును ఒక్క దెబ్బ కొట్టాను. ముప్పై ఎనిమిది అనిపించింది. తలెత్తి తెరిచి ఉన్న తలుపులోంచి చూస్తే స్క్రీను మీద ముప్పై ఎనిమిది. మూత విప్పి గేజీ పెట్టాను. గేజీలోనూ అదే.

యాదగిరి టైరు లోపలి వైపు చెయ్యి పోనిచ్చి చూసి, నా చెయ్యి పట్టుకుని అక్కడ ఆనించాడు. అరచేతంత ఉబ్బు. బయటికి కనబడని చోట. ఆ ఎడమ పక్కనే కాలువ నిండుగా పారుతోంది.

స్పేరు టైరు బిగించాం. దానికి సెన్సరు లేదు కాబట్టి ఆ గడిలో గీతలు పడ్డాయి. మేడం యాదగిరి వైపు చూసి, ఇవాళ మా ప్రాణాలు కాపాడావయ్యా అన్నారు. నేను చేసిన పనికి అక్కడే భూమిలోకి కుంగిపోవాలి కదా? అప్పుడు కూడా నాకు ముందు కలిగింది కుళ్ళే. ఆ మాట అతనికి దక్కింది, నాకు దక్కలేదు అనుకున్నాను. నా మనసు మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా వెళ్ళి డబ్బా తెరిచాను. కాగితం చుట్టింది చుట్టినట్టే ఉంది. క్యాపు లోపల ఖాళీ. మా ఆవిడ పిలిచి పిలిచి వచ్చి చూసేదాకా అక్కడే కింద కూర్చుండిపోయాను.

మర్నాడు ఆ టైరును లాలాపేట్ రోడ్డులో నాకు తెలిసిన మస్తాన్ భాయ్ షాపుకు తీసుకెళ్ళాను. ఆయన విప్పి చూపించాడు. లోపల దారాలు రెండు జానల పొడవున తెగి ఉన్నాయి. ఇంకాస్త దూరం పోయి ఉంటే పేలేదన్నాడు. ఎవరిదో సంగతి అడిగినట్టు అడిగాను, క్యాపు లేకపోయినా స్క్రీను అంకె చూపిస్తుందా అని. పాత అంకె కాసేపు నిలిచిపోవచ్చన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. మరి ఆ అంకె తగ్గుతుందా అని అడిగాను. ఆయన పని ఆపి నా మొహంలోకి చూశాడు.

"సెల్లు లేకుంట నంబర్ ఎట్ల తగ్గుతది సాబ్?"

నాలుగు రోజులు లోపల దాచుకున్నాను. ఐదో రోజు మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు ఆ ఖాళీ క్యాపు తెచ్చి యాదగిరి ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. కొట్టినా పడాలనే అనుకున్నాను. అతను క్యాపును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"తెల్సు అన్నా. సోమారం పొద్దుగాలనే నల్ల మూత సూసిన. దొంగతనం చేసి మళ్ల వాల్వుకు మూత పెట్టి పోయేటోడు ఈ షెడ్డుల నువ్వొక్కనివే."

మరి మేడంకు ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే షెడ్డు తాళం ఎవరి దగ్గర ఉందని అడుగుతారు కదా అన్నాడు. రిటైర్మెంటు ముందు నాకు మాట రావడం అతనికి ఇష్టం లేదట. సరే, నా పరువు కోసం నలుగురిని ఎక్కించుకుని అలాగే పోతావా అని నేనే ఎదురు కోప్పడ్డాను. అతను ఆశ్చర్యంగా చూశాడు.

"నంబర్ వస్తుండె గద అన్నా. నువ్వే లోపట వేరే సెన్సర్ ఏదో పెట్టినవనుకున్న. ఆ టైరు నువ్వు సూసుకుంటున్నవని బేఫికర్ పోయిన."

అలాంటిదేమీ నేను పెట్టలేదని చెప్పాను. అతను లేచి వెళ్ళి కుండలోంచి నీళ్ళు తెచ్చిచ్చాడు.

తర్వాత ఇద్దరం కలిసి పరీక్ష కూడా చేశాం. కొత్త టైరు వేయించి, క్యాపులో కొత్త సెల్లు వేసి బిగించాం. మళ్ళీ విప్పి సెల్లు తీశాం. ఐదుసార్లు అలాగే చేసి, ప్రతిసారీ క్యాంపస్‌లో ఒక చుట్టు తిరిగి వచ్చాం. ఐదుసార్లూ కొద్ది నిమిషాలకే గీతలు పడి స్క్రీను అరిచింది. ఒక్కసారి కూడా అంకె నిలవలేదు. పక్క బండి సెన్సరు ఏదైనా కలిసిందేమో అనుకుందామంటే, ఒక్కో స్క్రీను దానితో జత చేసిన క్యాపుల మాటే వింటుంది. పైగా మా జీపుకు సెన్సర్లే లేవు. ఆ గట్టు మీద ఇంకో బండీ లేదు.

నేను వచ్చే ఏడు రిటైరవుతాను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. మరి అదేమిటంటే చెప్పలేను. యాదగిరి మీద అసూయ పూర్తిగా పోయిందని కూడా చెప్పను. కాకపోతే ఇప్పుడది కొత్త బండి గురించి కాదు, మేడం మెచ్చుకోవడం గురించీ కాదు. నల్ల మూతను చూసి కూడా, ఓబులన్న చూసుకుంటున్నాడని ధీమాగా బండెక్కాడే, ఆ ధీమా చూస్తే నాకు అసూయ. ఇన్నేళ్ళలో నేను ఒక్క మనిషిని అలా నమ్మి స్టీరింగు పట్టుకోలేదు.

అతను అనుకున్నట్టు ఆ టైరును ఆ రోజు ఎవరో చూసుకున్నారు. ఎవరో నాకు తెలియదు. నేను మాత్రం కాదు.